పిల్లల ఫీజులు, రిటర్ను కాగితం, మన సాక్ష్యం



జూన్, జూలై నెలలు వచ్చాయంటే మన పి.గన్నవరం చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే విశ్వాసుల ఇళ్లలో రెండు బెంగలు ఒకేసారి దిగుతాయి. ఒకటి పిల్లల కాలేజీ ఫీజు, రెండోది ఇన్‌కంటాక్స్ రిటర్ను. ఈ రెండూ కలిసే చోట శోధన పొంచి ఉంటుంది. "మీ అబ్బాయికి ఎడ్యుకేషన్ లోను ఉన్నట్టు చూపిద్దాం, రీఫండు వస్తుంది, అందులో మాకింత ఇవ్వండి" అనేవాళ్లు తయారయ్యారు. "అందరూ చేస్తున్నదే కదా అయ్యగారూ" అని మన వాళ్లు మాతో అంటున్నారు.

అందరూ చేసినా అది అబద్ధమే. రిటర్ను ఎవరు నింపినా, అందులోని మాట నిజమని ఒప్పుకునేది మనమే. రేపు నోటీసు వచ్చేది కమీషన్ తీసుకున్నవాడికి కాదు, మనకు.

చట్టం న్యాయంగా ఇచ్చింది కొంత ఉంది. పాత పన్ను విధానంలో ఉన్నవారు ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజును 80సి కింద చూపవచ్చు. హాస్టలు, బస్సు, డొనేషను, డెవలప్‌మెంట్ ఫీజు అందులోకి రావు. అసలు భారమంతా వాటిలోనే ఉందని మీరంటే మేమూ ఒప్పుకుంటాం. పీఎఫ్, ఎల్ఐసీ అన్నీ కలిపి 1.5 లక్షలన్న ఆ పరిమితి 2014 నుంచి కదలలేదు. కాలేజీ ఫీజులు మాత్రం అక్కడే ఆగాయా? ఇక 80ఈ కింద బ్యాంకు విద్యారుణం మీద కట్టిన వడ్డీకి, వడ్డీకి మాత్రమే, 8 ఏళ్ల వరకు మినహాయింపు ఉంది. దీనికి గరిష్ఠ పరిమితి లేదు. బావమరిది దగ్గర తెచ్చిన అప్పు లెక్కలోకి రాదు.

విచిత్రమేమంటే చాలామందికి ఆ అబద్ధం అక్కరకే రాదు. 2025-26 ఆదాయానికి కొత్త విధానంలో 12 లక్షల వరకు, జీతగాళ్లకైతే 12.75 లక్షల వరకు, జీతం మీద పన్నే లేదు. లేని పన్ను తప్పించుకోవడానికి లేని లోను చూపడం ఎందుకు?

దాచుకున్న సొమ్ము తీసి ఫీజు కట్టినవారికి ఇంకో భయం. పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా ఉంటే, అమ్మాయికి 18 నిండాక గానీ పది పాసయ్యాక గానీ, గత సంవత్సరాంతపు నిల్వలో సగం వరకు చదువుకు తీయవచ్చు. దాని మీద పన్ను లేదు, దాచవలసిన పనీ లేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ తీస్తే అసలు ఆదాయం కాదు గానీ వడ్డీ ఆదాయమే, చూపాలి. కొబ్బరి తోట మీద వచ్చింది వ్యవసాయ ఆదాయం. పన్ను లేకపోయినా దాని గడి దానికి ఉంది.

2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా దొంగ మినహాయింపులు రాసిపెట్టేవారిపై తనిఖీలు మొదలుపెట్టింది. శాఖ పేర్కొన్న సెక్షన్లలో 80ఈ కూడా ఉంది. అంతకు ముందు నాలుగు నెలల్లోనే సుమారు 40,000 మంది తమ రిటర్నులు సరిచేసుకుని, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని చెప్పింది. తప్పుగా చూపినట్టు తేలితే ఎగవేసిన పన్నుకు రెండింతల జరిమానా వేయవచ్చు.

ఇప్పటికే అలా చేసినవారు మా దగ్గరకొచ్చి తల దించుకుంటున్నారు. వారిని మేము నిందించం. జక్కయ్య పన్ను వసూలు చేసేవాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మన చట్టం అంత అడగదు. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక 12 నెలల లోపు అప్‌డేటెడ్ రిటర్ను వేస్తే, కట్టవలసిన పన్ను, వడ్డీల మీద అదనంగా 25 శాతం. ఆలస్యమైన కొద్దీ 50, 60, 70. నాలుగేళ్లు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. తిరగతోడే నోటీసు ముందుగా వచ్చేసినా ఆ దారి కష్టమే. కాబట్టి పాత రిటర్నులు, ఫారం-16, ఫీజు రసీదులు ఈ వారమే బయటకు తీయండి. అర్హత ఉన్న ఆడిటరు దగ్గరకు వెళ్లండి, రీఫండులో వాటా అడిగేవాడి దగ్గరకు కాదు. ఒంటరిగా వెళ్లడానికి జంకుగా ఉంటే చెప్పండి, మేమూ తోడు వస్తాం.