బండిలో విడిచిన తుపాకి – ఎవరి పూచీ?

తుపాకి లైసెన్సు సంపాదించుట మన దేశమున సులభసాధ్యము కాదు. అర్జీ పెట్టుకొనవలెను, ఠాణావారు విచారింపవలెను, అధికారి సమ్మతింపవలెను. ఇన్ని గడపలు తొక్కి సంపాదించిన ఆయుధమును పోగొట్టుకొనుటకు మాత్రము ఒక్క నిమిషము చాలును. త్రోవ ప్రక్కను కారు నిలిపి, కాఫీ త్రాగి వచ్చునంతలో అద్దము పగులును, ఆయుధము మాయమగును. అది మరల కనబడునప్పుడు ఎవరి చేతనుండునో, ఎవరి రొమ్మునకు గురియై యుండునో ఎవరు చెప్పగలరు? ఈ వారము మేము పాఠకుల దృష్టికి తెచ్చుచున్నది ఈ అజాగ్రత్తయే. చూచుటకు చిన్నది, ఫలమున చిన్నది కాదు.

మా సిద్ధాంతమును ముందుగనే చెప్పుచున్నాము. మనిషి లేని బండి తుపాకికి నిలయము కాదు. తప్పనిసరియై విడువవలసి వచ్చినచో తూటాలు తీసి, కంటికి కానరాకుండ, బండికి బిగించిన ఉక్కుపెట్టెలో తాళము వేసి విడువవలెను. ఆ పాటి శ్రద్ధ వహింపనివాడు తన సొమ్మును పోగొట్టుకొన్నవాడు మాత్రమే కాడు. పరుల ప్రాణమును పణముగ ఒడ్డినవాడు.

ఈ విషయమున ప్రపంచమునకు గుణపాఠము నేర్పుచున్నది అమెరికా దేశము. అచ్చట తుపాకి ఇంటింటి వస్తువు. కారు మనిషి మనిషికి వాహనము. ఈ రెండును కలిసిన చోట దొంగలకు పంట పండుచున్నది. తుపాకి హింసను అరికట్టుటకై పనిచేయు ఎవ్రీటౌన్ అను సంస్థ, వందలకొలది నగరముల పోలీసు లెక్కలను పరిశీలించి, 2022వ సంవత్సరమున ఆ నగరములలో సుమారు 1,12,000 తుపాకులు దొంగిలింపబడినట్లును, అందు సగమునకు మించి కారులనుండియే పోయినట్లును తేల్చినది. పదేండ్ల క్రిందట కారులనుండి పోయినవి నాలుగవ పాలు మాత్రమేయట! ఇండ్లకు గట్టి తాళములు వేసికొనిన జనము, వాకిట నిలిపిన కారును మరచిపోయిరి.

ఆ అద్దముల వెనుక నేమి దాగియున్నదో చూపుటకు ఒక్క ఉదంతము చాలును. 2015 జూను నెలాఖరున, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున, అమెరికా ప్రభుత్వపు భూపాలన శాఖకు చెందిన ఒక రక్షకాధికారి తన పిస్తోలును సంచిలో పెట్టి, కారులో విడిచిపోయెను. ఎవరో అద్దము పగులగొట్టి సంచిని కొనిపోయిరి. నాలుగు దినములు గడచిన పిదప, జూలై 1వ తేదీని, సముద్రతీరపు వంతెనమీద తండ్రితో నడచుచున్న యొక యువతి ఆ పిస్తోలు గుండు తగిలి మరణించెను. నిందితుడు విదేశీయుడగుటచే ఆ దేశ రాజకీయమంతయు అల్లకల్లోలమయ్యెను. 2017 నవంబరులో జ్యూరీవారు అతనిపై హత్యానేరము రుజువు కాలేదనిరి. ఆ తీర్పునుగూర్చి వాదించినవారు లక్షలు. కాని, ఆ యువతి ప్రాణమునకు ముప్పు మొదట దాపురించినది పగిలిన ఆ కారు అద్దముకడనే యని తలచినవారు ఎందరు? తుపాకిని విడిచిపోయినవాడు అనుభవము లేని కుర్రవాడు కాడు. ఆయుధమును వృత్తిగ ధరించువాడు. శిక్షణ పొందినవానికే ఏమరుపాటు సంభవించినప్పుడు తక్కినవారి మాట చెప్పనేల?

ప్రమాదము దొంగవలననే రానక్కరలేదు. 2016 ఏప్రిలులో మిల్వాకీ నగరమున నొక తల్లి రెండేండ్ల బిడ్డను వెనుక సీటున కూర్చుండబెట్టుకొని కారు నడుపుచుండెను. సీటు క్రింద నెవరో ఉంచిన పిస్తోలు జారి బిడ్డ కాళ్ళకడకు వచ్చెను. పసిబిడ్డ దానిని చేతబట్టెను. గుండు పేలి ఆ తల్లి ప్రాణము తీసెను. ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై ఈ కథ వినవలసిన దినమును తలచుకొన్నచో గుండె చెరువగుచున్నది. సీటు క్రింది చోటు దాపరికము కాదు. తాళము లేని చోటు భద్రత కాదు.

ఇది సముద్రములకావలి ముచ్చట, మనకేల యని పాఠకులు త్రోసివేయరాదు. డాలస్, హ్యూస్టన్, చికాగో, అట్లాంటా నగరములలో మన తెలుగు కుటుంబములు వేలకొలదిగ కాపురమున్నవి. చదువుకొనబోయిన మన పిల్లలు రాత్రివేళల పెట్రోలు బంకులలో, దుకాణములలో పనిచేయుచున్నారు. అచ్చట నొక కారులోనుండి పోయిన తుపాకి, రేపు మన పిల్లవాడు కూర్చున్న గల్లాపెట్టె యెదుట నిలువదని ఎవరు పూచీపడగలరు? మన యూళ్ళలోనో, పైరును అడవిపందులనుండి కాపాడుకొను రైతు మొదలు, బ్యాంకు సొమ్ము తరలించు బండిలోని కావలివాని వరకు, ఆయుధముతో బండి యెక్కువారు కొల్లలుగ నున్నారు. కారులు పెరుగుచున్న కొలది ఈ ముప్పును పెరుగును.

అనుభవము కొన్ని రాష్ట్రముల కన్నులు తెరిపించినది. కాలిఫోర్నియా రాష్ట్రము 2017 జనవరి 1వ తేదీనుండి, మనిషి లేని బండిలో చేతి తుపాకిని విడువదలచినవాడు దానిని డిక్కీలోనో, బయటికి కానరాని తాళపు పెట్టెలోనో పెట్టవలెనని శాసించినది. తప్పినవానికి వేయి డాలర్ల వరకు జరిమానా. ఈ నియమము పోలీసులకును వర్తించుట మిక్కిలి న్యాయము. కొలరాడో రాష్ట్రము 2024లో చేసి 2025 జనవరి 1నుండి అమలుపరచిన చట్టము ఇంకను స్పష్టము: చేతి తుపాకి గట్టి పెట్టెలో నుండవలెను, ఆ పెట్టెకు తాళముండవలెను, పెట్టె కంటికి కానరాకూడదు, బండికిని తాళము వేయవలెను. తుపాకిని తమ జన్మహక్కుగ భావించు ప్రజలే ఈ కట్టుబాటును విధించుకొనిరన్న సంగతి గమనింపదగినది.

బండిలోని ఆయుధము ఎంత దుర్బలమో మన దేశచరిత్రయును చెప్పుచున్నది. 1914 ఆగస్టు 26వ తేదీని కలకత్తాలో రోడా కంపెనీకి వచ్చిన ఆయుధపు పెట్టెలు 202ను ఆ కంపెనీ గుమాస్తా సుంకపు కార్యాలయమునుండి విడిపించి ఎద్దుబండ్లకెక్కించెను. గిడ్డంగికి చేరినవి 192 మాత్రమే. తక్కిన పదింటిని తెచ్చెదనని చెప్పి పోయినవాడు మరల రాలేదు. 50 మౌజరు పిస్తోళ్ళును, 46,000 తూటాలును విప్లవకారుల వశమయ్యెను. తరువాతి కాలమున 54 సంఘటనలలో ఆ పిస్తోళ్ళు ఉపయోగింపబడినట్లు 1918 నాటి రౌలటు నివేదిక చెప్పుచున్నది. ప్రాణములకు తెగించి పరప్రభుత్వమునెదిర్చిన ఆ యువకుల త్యాగమునకు మేము నమస్కరింతుము. వారిని నేటి కారుదొంగలతో పోల్చుట మా యుద్దేశము కాదు. మేము చూపునది లెక్క మాత్రమే. దారి తప్పిన పెట్టెలు పది. అవి నిదురించినది ఒక్క దినము. పనిచేసినది ఎన్నో యేండ్లు. దొంగిలింపబడిన తుపాకి యొకనాటితో సమసిపోవు నష్టము కాదు.

రెండవ పాఠము చిట్టగాంగునుండి వచ్చుచున్నది. 1930 ఏప్రిలు 18వ తేదీ రాత్రి సూర్యసేనుని యనుచరులు సహాయక సైన్యపు ఆయుధశాలను వశపరచుకొనిరి. తుపాకులు చేజిక్కెను గాని వానికి తగిన తూటాలు దొరకలేదు. ఆ వీరులకది దురదృష్టము. కాని తుపాకి నుంచువానికి అంతకంటె విలువైన యుపదేశము లేదు: తుపాకి యొకచోట, తూటాలు వేరొకచోట. తూటా లేని తుపాకి ఆ క్షణమున ఇనుపకఱ్ఱ మాత్రమే.

ఇక ఆక్షేపణలకు వత్తము. ‘1878 నాటి ఆయుధ చట్టము జాతిని నిరాయుధమొనర్చినదని మొరపెట్టినది మీరే గదా! ఇప్పుడు తాళములు, పెట్టెలు అని క్రొత్త బంధనములు కోరుట యేల?’ అని కొందరడుగవచ్చును. ఔను, ఆ చట్టము మన జాతికి అవమానము. 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానము ఆయుధధారణమును పౌరుని హక్కులలో చేర్చెను. కాని, ఆ తీర్మానమే తగిన నియమములకు లోబడి యని చెప్పినది. 1948 డిసెంబరులో రాజ్యాంగసభ యందు కామత్‌గారు ఈ హక్కును రాజ్యాంగమున చేర్పవలెనని సవరణ తెచ్చినపుడు సభ అంగీకరింపలేదు. తుదకు 1959లో స్వతంత్ర భారతము తన చట్టమును తానే చేసికొనెను. పరుడు విధించిన బంధనము వేరు. తన పొరుగువాని క్షేమమునకై స్వతంత్రుడు పెట్టుకొను కట్టు వేరు. మొదటిది అవిశ్వాసమునుండి పుట్టినది. రెండవది బాధ్యతనుండి పుట్టినది. ఈ భేదమును గ్రహింపనివాడు స్వాతంత్ర్యమును గ్రహింపలేదు.

‘దొంగను శిక్షింపక, సొమ్ము పోగొట్టుకొన్నవానిని శిక్షింతురా?’ అనునది రెండవ యాక్షేపణ. దొంగను శిక్షింపవలదని యెవరనిరి? ఒకని నేరము వేరొకని అశ్రద్ధను కడిగివేయదని మాత్రమే మా మాట. ప్రమాదకరమగు వస్తువును తెచ్చి నిలువజేసికొన్నవాడు, అది తప్పించుకొనిపోయి పరులకు హాని చేసినచో ఉత్తరవాది యగునను న్యాయసూత్రము 1868లో రైలాండ్స్ – ఫ్లెచరు వ్యాజ్యమున స్థిరపడినది. అన్యుడు చేసిన పనికి యజమాని పూచీ లేదను మినహాయింపు ఆ సూత్రమునకు కలదు. వకీళ్ళు దానిని తప్పక చూపుదురు. అయినను, ఆ యన్యుని పని ముందుగ ఊహింపదగినదైనచో ఆ మినహాయింపు ఎంతవరకు నిలుచును? సంతలో నిలిపిన కారు అద్దము పగులగలదని ఊహించుటకు గొప్ప తెలివి కావలయునా?

మన నిబంధనలు ఈ విషయమున పూర్తిగ మౌనముగ లేవు. బహిరంగ స్థలమున తుపాకిని తీసికొనిపోవునపుడు దానిని తగిన యొరలో పూర్తిగ కప్పియుంచి, తన చేతి యదుపులో నుంచుకొనవలెనని 2016 నాటి ఆయుధ నిబంధనలు చెప్పుచున్నవి. అద్దముల చాటున విడిచి హోటలులో కూర్చున్నవాని యదుపులో ఆ తుపాకి యున్నదనుట ఎట్లు? ఆయుధము పోయినచో ఆలస్యము లేక దగ్గరి ఠాణాకు తెలుపవలెననునది లైసెన్సు షరతు. షరతు తప్పినవానికి 1959 నాటి చట్టము 30వ సెక్షను క్రింద ఆరు నెలల వరకు ఖైదో, జరిమానాయో, రెండునో విధింపవచ్చును. చట్టము కలదు, తెలియవలసినవారికి తెలియుటయే లేదు. కావున మేము ప్రభుత్వమును కోరునది మిక్కిలి స్వల్పము. ప్రతి లైసెన్సు పుస్తకముపైని, అందరు చదువగల తెలుగున, మనిషి లేని బండిలో తుపాకిని విడువరాదనియు, విడువక తప్పనిచో ఎట్లు భద్రపరుపవలెననియు స్పష్టమగు షరతును ముద్రింపవలెను. ప్రభుత్వపు తుపాకులు ధరించి జీపులలో తిరుగువారికిని ఇదే నియమము కావలెను.

చట్టము వచ్చువరకు వేచియుండ నక్కరలేదు. ప్రయాణమున తుపాకి యవసరము లేనివాడు దానిని ఇంట ఇనుప బీరువాలో తాళమువేసి బయలుదేరవలెను. చిరకాలము ఊరు విడుచువాడు, భద్రపరచుటకు లైసెన్సు పొందిన ఆయుధవర్తకుని యొద్ద దాచి రసీదు పుచ్చుకొనవచ్చును. వెంట తీసికొనక తప్పనివాడు బండిలో ఉక్కుపెట్టెను మరలతో బిగింపించుకొనవలెను. లేదా గట్టి ఉక్కుతాడుతో సీటు చట్రమునకు కట్టవలెను. కదలివచ్చు పెట్టెను దొంగ పెట్టెతోకూడ కొనిపోవును. డ్యాష్‌బోర్డు అరను నమ్మరాదు. దొంగ చేయి మొదట పోవునది అచ్చటికే. తుపాకిని పెట్టెలో పెట్టు పని బయలుదేరుటకు ముందే చేయవలెను గాని, పదిమంది చూచుచుండగా బండి నిలిపిన చోట చేయరాదు. తాళపుచెవి యజమాని యొంటిమీద నుండవలెను. తూటాలు వేరుగ నుండవలెను. రాత్రి బండిలో తుపాకి నిదురింపరాదు. తుపాకి సంఖ్యను ఇంట నొక పుస్తకమున వ్రాసియుంచవలెను. అది లేనిదే పోయిన తుపాకిని ఇది నాదని చెప్పుటయును కష్టము.

ఉక్కుపెట్టె వెల తుపాకి వెలతో పోల్చినచో స్వల్పము. మనుష్యప్రాణముతో పోల్చినచో లెక్కకు రాదు. తుపాకి చేతబట్టుట పౌరుషమని తలచువారు మనలో కలరు. గుండు పేల్చుటకు వ్రేలు కదలిన చాలును. పేలకుండ, పోకుండ, పరుల చేత పడకుండ ఇరువది నాలుగు గంటలు కాచుటకు మనస్సు మేలుకొనియుండవలెను. పౌరుషము ఆ మెలకువలోనే యున్నదని మా నమ్మకము. లైసెన్సుదారులగు మా పాఠకులు ఈ సంచికను మడచి పెట్టులోపుననే తమ బండి తలుపు తెరచి, తమ తుపాకి యెచ్చట నున్నదో యొక్కమారు చూచుకొందురు గాక!