ప్లగ్ పెట్టనివాడికి ప్లగిన్ వ్యాన్ ఎందుకు భాయ్?



పోయిన ఈద్‌కి హ్యూస్టన్‌లో మా సాఢూభాయ్ ఇంట్లో దావత్. దస్తర్‌ఖాన్ ముందు పదిమంది కూర్చున్నాం. అందరూ వింటుండగా ఆయన అడిగేశాడు: "ఏం భాయ్, మినీవ్యాన్ కొంటున్నావంట! నలభై నిండకుండానే ముసలాడివైపోయావా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ డల్లస్‌కి తిరిగొచ్చే నాలుగు గంటలూ ఆ మాటే బుర్రలో తిరిగింది. మనవాళ్లు కారు కొనేటప్పుడు దాంట్లో ఎవరు కూర్చుంటారని చూడరు. బయటినుంచి ఎవరు చూస్తారనే చూస్తారు. ఈ దిఖావా మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది.

ఇంకో జమాత్ కూడా ఉంది. వీళ్లది అసలు ఉల్టా రోగం. "ప్లగిన్ హైబ్రిడ్ తీసుకో భాయ్, ఇక పెట్రోల్ బంక్ మొహం చూడవు" అంటారు. హిసాబ్ అడిగితే మాత్రం జవాబు ఉండదు. ఈ రెండు జమాత్‌లకీ కలిపి ఇవాళ జవాబు చెప్తాను.

ముందు మొదటివాళ్ల సంగతి. మా ఇంట్లో నేను, మా బేగమ్, ముగ్గురు పిల్లలు. గుంటూరు నుంచి అమ్మీ, అబ్బా వచ్చి ఉంటే ఏడుగురం. అమ్మీకి రెండు మోకాళ్లూ నొప్పే. పోయిన ఏడాది ఒక దోస్త్ ఎత్తయిన ఎస్‌యూవీలో మమ్మల్ని షాదీకి తీసుకెళ్లాడు. ఎక్కేటప్పుడు అమ్మీని నేనొక వైపు, అబ్బా ఒక వైపు పట్టుకోవాల్సి వచ్చింది. "మేడ ఎక్కిస్తున్నావేంట్రా బేటా" అని పైకి నవ్వింది కానీ, దిగేటప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడో వరుసలో పిల్లలు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. బయటినుంచి చూస్తే మాత్రం బండి షాన్‌దార్!

మినీవ్యాన్‌లో నేల కిందకి ఉంటుంది. తలుపు పక్కకి జారుతుంది. పిల్లాడు విసురుగా తెరిచినా పక్క కారుకి తగలదు. మూడో వరుసలో పెద్దవాళ్లు కూర్చోగలరు, దాని వెనక సూట్‌కేసులూ పడతాయి. ఇది ముసలాళ్ల బండి అయితే, అల్‌హందులిల్లాహ్, మా ఇంట్లో ముసలాళ్లు ఉన్నారు. వాళ్లుండటం మాకు ఇజ్జత్.

ఇక రెండో జమాత్. అమెరికాలో మొట్టమొదటి ప్లగిన్ హైబ్రిడ్ మినీవ్యాన్ క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్. 2017 మోడల్‌గా వచ్చింది. మా మసీదు దోస్త్ ఒకాయన దగ్గర అదే ఉంది. నాకు వారం రోజులు ఇచ్చాడు, అల్లాహ్ ఆయనకి ఖైర్ చేయుగాక.

గుంటూరు నుంచి మా తమ్ముడు ఫోన్‌లో అడిగాడు: "మన ఇన్నోవా హైక్రాస్ లాంటిదేనా భాయ్?" కాదు. హైక్రాస్ కూడా హైబ్రిడే, కానీ దానికి ప్లగ్ ఉండదు. ఇంజన్‌తో, బ్రేకులు వేసినప్పుడు వచ్చే శక్తితో దాని చిన్న బ్యాటరీ తనే నింపుకుంటుంది. ఇక్కడి టొయోటా సియెన్నా కూడా అంతే. పసిఫికా హైబ్రిడ్‌లో 16 యూనిట్ల బ్యాటరీ ఉంటుంది. ఇంట్లో ప్లగ్ పెట్టి నింపాలి. నిండితే సుమారు 32 మైళ్లు కరెంటు మీదే పోతుంది. అది అయిపోతే పెట్రోల్ మీద గ్యాలన్‌కి 30 మైళ్లు. సియెన్నా అయితే ప్లగ్ లేకుండానే గ్యాలన్‌కి 36 ఇస్తుంది. ఇవి ప్రభుత్వ సంస్థ ఈపీఏ లెక్కలు.

ఇప్పుడు హిసాబ్ చూడండి. మా ఇంటి కరెంటు యూనిట్ 14 సెంట్లు. పెట్రోల్ గ్యాలన్ 3 డాలర్లు అనుకుందాం. 32 మైళ్లకి పసిఫికా దాదాపు 13 యూనిట్లు తాగుతుంది, అంటే సుమారు 1.84 డాలర్లు. అదే దూరం సియెన్నాలో 2.67 డాలర్లు. రోజుకి మిగిలేది 83 సెంట్లు. ఏడాదికి 250 రోజులు బ్యాటరీ మొత్తం వాడినా 200 డాలర్ల పైచిలుకు. దీనికేనా అంత షోర్?

మేం నెలకి రెండుసార్లు హ్యూస్టన్ వెళ్తాం. దాదాపు 240 మైళ్లు. పసిఫికాలో మొదటి 32 మైళ్లు కరెంటు, మిగతాది పెట్రోల్. మొత్తం 22 డాలర్లు దాటుతుంది. సియెన్నాలో 20. దారిలో ఆగి నింపుకుందామంటే, ఈ బండికి ఫాస్ట్ ఛార్జింగ్ సౌకర్యమే లేదు. అంటే దూర ప్రయాణంలో ఆ బ్యాటరీ మన నెత్తిన బరువే!

ఆ బ్యాటరీ ఇంకోటి కూడా తీసుకుంటుంది. మామూలు పసిఫికాలో రెండో వరుస సీట్లు నేలలోకి మడిచి దాచేయొచ్చు. హైబ్రిడ్‌లో ఆ గుంతల్లో బ్యాటరీ కూర్చుంది. కాబట్టి ఆ సీట్లు మడవవు, బయటికి తీసి గ్యారేజీలో పెట్టుకోవాలి. కూర్చునేది ఏడుగురే. ఇంకో బిడ్డ పుడితేనో, ఒక మెహమాన్ వస్తేనో చోటు లేదు.

ఇంతవరకూ పైసల సంగతి. ఇక జాన్ సంగతి. 2022 ఫిబ్రవరిలో కంపెనీ 2017, 2018 మోడల్ పసిఫికా హైబ్రిడ్‌లని రీకాల్ చేసింది. ఇంజన్ ఆపి నిలబెట్టిన బండ్లకే 12 చోట్ల నిప్పంటుకుంది. 2024లో మళ్లీ రీకాల్, ఈసారి 2017 నుంచి 2021 దాకా ఉన్న మోడళ్లలో కొన్నిటికి. రిపేర్ అయ్యేదాకా ఛార్జింగ్ పెట్టొద్దు, ఇళ్లకి దూరంగా ఆరుబయట నిలపండి అన్నారు. రిపేర్ చేయించుకున్న బండిని నేను తప్పుపట్టను. కానీ "అల్లాహ్ చూసుకుంటాడులే" అంటూ రీకాల్ చిట్టీ సొరుగులో పడేసి, బండిని గ్యారేజీలో పెట్టి, పైన గదిలో పిల్లల్ని పడుకోబెట్టేవాళ్లని చూశాను. ఇది తవక్కుల్ కాదు భాయ్, గఫ్లత్. పాత బండి కొనేవాళ్లు ముందు దాని 17 అక్షరాల విన్ నంబర్ ప్రభుత్వ రీకాల్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. పెండింగ్ ఉంటే రిపేర్ కాగితం చేతికొచ్చేదాకా పైసా ఇవ్వొద్దు.

మరి ప్లగిన్ ఎవరికీ పనికిరాదా? ఇన్సాఫ్‌గా చెప్పాలి కదా. ఆ వారంలో స్కూల్, మసీదు, కిరాణా కొట్టు అన్నీ కరెంటు మీదే తిరిగాను. స్కూల్ ముందు లైన్‌లో ఇరవై నిమిషాలు నిలబడినా చప్పుడు లేదు, పొగ లేదు. పక్కనే చిన్న పిల్లలు నడుస్తున్నప్పుడు ఆ పొగ లేకపోవడం చిన్న నేమత్ కాదు. రోజూ 30 మైళ్ల లోపు తిరిగి, సొంత ఇల్లుండి, బండి పక్కనే ప్లగ్ ఉండి, దూర ప్రయాణాలు తక్కువైతే తీసుకోండి. గ్యాలన్‌కి 20 మైళ్లిచ్చే పెద్ద బండి వదిలి దీనికి మారితే మిగులు కూడా బాగానే ఉంటుంది.

కానీ మనలో చాలామంది అపార్ట్‌మెంట్లలో ఉంటున్నారు. మూడో అంతస్తు బాల్కనీ నుంచి కింద పార్కింగ్‌కి వైరు వేలాడదీస్తారా? వాళ్లకి కూడా ఈ బండి అంటగట్టారు. అప్పట్లో 7,500 డాలర్ల టాక్స్ క్రెడిట్ ఆశ ఉండేది. 2025 సెప్టెంబర్ 30 తర్వాత కొన్నవాళ్లకి అదీ లేదు. ఒక్కరోజు కూడా ప్లగ్ పెట్టకుండా గ్యాలన్‌కి 30 మైళ్లతో తిరుగుతూ "మాది హైబ్రిడ్" అని చెప్పుకునేవాళ్లు నాకు తెలుసు. ఎస్‌యూవీ వాడిది పెద్ద బండి దిఖావా, వీళ్లది ఆకుపచ్చ స్టిక్కర్ దిఖావా. రెండూ ఫుజూల్ ఖర్చే.

మాకు సొంత గ్యారేజీ ఉంది, ప్లగ్ ఉంది. అందుకే మనసు లాగింది. మా బేగమ్ ఒక్క సవాల్ అడిగింది: "రోజూ రాత్రి ప్లగ్ పెట్టేదెవరు? మీరు ఫోన్‌కే ఛార్జింగ్ పెట్టడం మరిచిపోతారు." హ్యూస్టన్ లెక్క కూడా ముందుంది. ఫైస్లా అయిపోయింది. మేం సియెన్నా తీసుకుంటున్నాం, ఎనిమిది సీట్లది.

మీకు నా మష్వరా ఒకటే. షోరూమ్‌కి వెళ్లేటప్పుడు దోస్తుల్ని కాదు, అమ్మీని తీసుకెళ్లండి. మా అమ్మీ మొన్న ఎవరి భుజమూ పట్టుకోకుండా తనే ఎక్కి కూర్చుంది. తలుపు దానంతటదే మూసుకుంటే "మాషాఅల్లాహ్" అంది. సాఢూభాయ్, వచ్చే ఈద్‌కి మీ ఇంటికి ఆ ముసలాళ్ల బండిలోనే వస్తున్నాం, ఇన్షాఅల్లాహ్. ఒక సీటు ఖాళీగా ఉంటుంది, మీరూ కూర్చుని చూడండి.