ప్యానెల్ తర్వాతైనా పెట్టుకోవచ్చు.. మరి పైపు?

కొత్త అపార్ట్‌మెంట్ బ్రోచర్ ఏది తీసినా ఇప్పుడు ఒక ఆకుపచ్చ పేజీ ఉంటోంది. సోలార్, ఇంకుడు గుంతలు, మురుగునీటి శుద్ధి ప్లాంట్.. బొమ్మల్లో అన్నీ కళకళలాడుతుంటాయి. మనమేమో మాడ్యులర్ కిచెన్ గురించి పది ప్రశ్నలడిగి, ఈ పేజీని తిప్పేస్తాం. ఇరవై ఏళ్లు ఈఎంఐ కట్టేది మనమే కాబట్టి, ఈసారి అక్కడ కాస్త ఆగి లెక్కలేద్దాం.

ముందు కరెంటు. ఒక కిలోవాట్ సోలార్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. దానికి నీడ పడని చోటు 100 చదరపు అడుగులైనా కావాలి. 100 ఫ్లాట్ల బిల్డింగ్ మీద 10 కిలోవాట్లు పెట్టి 'సోలార్ కమ్యూనిటీ' అన్నారనుకోండి. రోజుకు 40 యూనిట్లు. ఫ్లాటుకి 0.4 యూనిట్! దాంతో ఏసీ అరగంట నడిస్తే గొప్ప. కారిడార్ లైట్లకి పనికొస్తుంది, మంచిదే. మన బిల్లు తగ్గుతుందని మాత్రం ఆశపడొద్దు. అందుకే 'ఎన్ని కిలోవాట్లు? దేనికి వాడతారు?' అని అడగండి.

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటికి గరిష్ఠంగా రూ.78,000 సబ్సిడీ ఉంది. అపార్ట్‌మెంట్ సంఘాలకైతే ఉమ్మడి అవసరాల కోసం కిలోవాట్‌కు రూ.18,000. అంటే టెర్రస్ ఖాళీగా ఉంటే ప్యానెళ్లు తర్వాతైనా పెట్టుకోవచ్చు. టెర్రస్ నిండా పూల్, పార్టీ లాన్ కట్టేస్తే ఆ ఛాన్స్ పోయినట్టే.

నీళ్ల సంగతి ఇంకా సీరియస్. మన ప్రమాణాల ప్రకారం నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్క. అందులో 45 లీటర్లు ఫ్లష్‌కే! ఇంటికి నలుగురు చొప్పున 100 ఫ్లాట్లకు 18,000 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రోజూ మూడున్నర, టాయిలెట్లలోకే. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా పంపుల మీదే వస్తాయి. కాబట్టి నీళ్లు వృథా అంటే కరెంటూ వృథానే.

శుద్ధి చేసిన నీళ్లు ఫ్లష్‌కి రావాలంటే ప్లాంట్ ఒక్కటే చాలదు. ప్రతి బాత్‌రూమ్‌కి విడిగా రెండో పైప్‌లైన్, పైన విడిగా ట్యాంకు ఉండాలి. అది టైల్స్ వేయకముందే జరగాలి. మా సాఫ్ట్‌వేర్‌లో అయితే ఏదైనా మిస్సయితే అప్‌డేట్ వదులుతాం. గోడలో పైపుకి అప్‌డేట్ రాదు. ఫ్లాటుకో వాటర్ మీటర్ కూడా ఇప్పుడే అడగాలి. మీటర్ లేకపోతే పొదుపు చేసేవాళ్లూ, బాల్కనీ పైపుతో కడిగేవాళ్లూ ఒకే మెయింటెనెన్స్ కడతారు.

ఇక వాన. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు కురిస్తే ఒక లీటరు. హైదరాబాద్‌లో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్లు. 1,000 చదరపు మీటర్ల టెర్రస్‌పై అది 8 లక్షల లీటర్లు. ఐదో వంతు పోయినా 6.4 లక్షలు, అంటే 128 ట్యాంకర్లు. గుంత ఉంటే సరిపోదు, టెర్రస్ పైపు అందులోకే దిగుతోందో లేదో సైట్‌కి వెళ్లి చూడండి.

మన చేతిలో చట్టం కూడా ఉంది. 2016 నాటి రెరా చట్టం ఉమ్మడి టెర్రస్‌ని, నీటి పొదుపు, పునరుత్పాదక విద్యుత్ వ్యవస్థల్ని ఉమ్మడి ఆస్తిలోనే చేర్చింది. ఫ్లాట్ అప్పగించిన ఐదేళ్లలోపు పనితనంలో, సౌకర్యాల్లో లోపం బయటపడితే, మనం చెప్పిన 30 రోజుల్లో బిల్డరే ఉచితంగా సరిచేయాలి.

అయితే వాదన నిలవాలంటే కాగితం ఉండాలి. కిలోవాట్లు, రెండో పైప్‌లైన్, మీటర్లు.. ఈ మూడూ అగ్రిమెంట్‌లో రాయించుకున్నాకే టోకెన్ అడ్వాన్స్ ఇవ్వండి.