మూత తెరిస్తే ఆగాల్సిందే

ఈ వారం గోంగూర నిల్వ పచ్చడి రాస్తానన్నాను. అది వచ్చే వారానికి వాయిదా. మా ఇంట్లో జరిగిన సంగతి మీ చెవిన వేయకపోతే నాకు అన్నం సయించేట్టు లేదు.

మాది సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీను. ఒకవైపు ఉతుకుతుంది, ఇంకోవైపు డ్రయ్యర్. మా మార్కాపురం వైపు బోరు నీళ్ళు ఎలా ఉంటాయో మీకు చెప్పాలా? బిందెల అడుగున తెల్లగా గార కడుతుంది. ఆ నీళ్ళతోనే మెషీనూ నడవాలి. మొన్న వేసవిలో ఉన్నట్టుండి డ్రయ్యర్ తిరగడం మానేసింది. ఉతికే వైపు బాగానే ఉంది. డ్రయ్యర్ మరను తిప్పితే టిక్ టిక్ మంటోంది గానీ లోపలి టబ్బు కదలదు, మెదలదు.

బజారులో ఒకబ్బాయిని పిలిపించాను. పది నిమిషాల్లో బాగు చేసేశాడు. "మూత కింద స్విచ్చి పోయిందమ్మా, డైరెక్టు చేశాను. బ్రేకు వైరు కూడా తీసేశాను, ఇక మీకు రిపేరు రాదు" అన్నాడు. మూత తెరిచినా గిర్రున తిరుగుతుంటే నేను సంబరపడ్డాను కూడా. నీళ్ళు వాడాయో లేదో తొంగి చూసుకోవచ్చు కదా అని! ఎంత తెలివితక్కువదాన్నో చూడండి.

అయిదో రోజు మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, దాని యూనిఫారం ఆరిందేమోనని వంగి చూసింది. చున్నీ కొస లోపల పడింది. అంతే. దాన్ని మెడతో సహా మెషీను మీదికి లాగేసింది. కేక విని నేను వంటింట్లోంచి పరుగెత్తేలోగా, వరండాలో ఒత్తులు చేసుకుంటున్న మా అత్తమ్మ లేచి గోడ మీద స్విచ్చి ఆపేశారు. ఆపినా టబ్బు వెంటనే ఆగలేదు, బ్రేకు తీసేశాడు కదా! చున్నీ చిరిగింది కాబట్టి పిల్ల దక్కింది. మెడ చుట్టూ ఎర్రటి వాత నాలుగు రోజులు ఉంది. ఈ మెషీను కొన్నప్పుడు "చేతులుండగా ఇదెందుకే" అన్న మనిషి మా అత్తమ్మ. ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

గిద్దలూరులో మా తమ్ముడు బోరు మోటార్లకు వైండింగు చేస్తాడు. ఫోన్ చేస్తే మరునాడు పొద్దున్నే వచ్చాడు. "అక్కా, డ్రయ్యర్ టబ్బు నిమిషానికి 1300 చుట్లు పైనే తిరుగుతుంది. అందుకే మూత తీయగానే రెండు పనులు జరిగేట్టు పెడతారు. స్విచ్చి కరెంటు ఆపుతుంది, బ్రేకు టబ్బును పట్టుకుంటుంది. మీవాడు రెండూ పీకేశాడు" అని తల పట్టుకున్నాడు.

వాడు విప్పుతుంటే పక్కనే కూర్చుని చూశాను. పైపలక కింద, డ్రయ్యర్ మూత కీలు దగ్గర, రెండు సన్నటి లోహపు రేకులు ఉన్నాయి. మూత వేస్తే దాని నాలుక ఒకటి రేకును నొక్కుతుంది, రెండూ కలుస్తాయి, మోటారుకు కరెంటు వెళుతుంది. మూత తీస్తే విడిపోతాయి. ఇంతే సంగతి! మా రేకులకు సబ్బునీళ్ళ తడికి పచ్చటి చిలుం పట్టింది. పైగా మూత నాలుక సగం విరిగి, సరిగా నొక్కడం లేదు. అసలు రోగం అదీ. కొత్త స్విచ్చికి, మూతకి పెట్టిన ఖర్చు మా అమ్మాయి చిరిగిన చున్నీ డ్రెస్సు ఖరీదు కంటే తక్కువే అయింది.

మీ ఇంట్లో డ్రయ్యర్ ఆగిపోతే మెకానిక్కు కంటే ముందు మీరే కొంత కనిపెట్టొచ్చు. ఉతికే వైపు నడుస్తోందా చూడండి. నడుస్తుంటే ప్లగ్గులో కరెంటుకు లోటు లేనట్టే. టిక్ టిక్ వినబడిందని మోసపోకండి. ఆ మర గడియారంలా స్ప్రింగుతో తిరిగేది, కరెంటు లేకపోయినా టిక్కుమంటుంది. మోటారు చెవికి వినబడాలి. గుయ్ మని మూలుగుతూ తిరగకపోతే కండెన్సరు పోయి ఉండొచ్చు, లేదా బ్రేకు పట్టేసి ఉండొచ్చు, లేదా ఏ చేతిరుమాలో టబ్బు కిందికి జారి ఉండొచ్చు. అసలు చప్పుడే లేకపోతే మూత స్విచ్చినో, టైమరునో, తెగిన వైరునో అనుమానించాలి. మూతను చేత్తో గట్టిగా నొక్కి పట్టండి. అప్పుడు తిరిగిందా, నాలుకో రేకో అరిగినట్టే. మా వైపు ఎలుకల బెడద కూడా ఉంది. కింద జాలీ లేకపోతే లోపల దూరి వైర్లు కొరికేస్తాయి.

చూడటం వరకే మన పని. విప్పాల్సి వస్తే ప్లగ్గు పూర్తిగా పీకాకే. పీకాక కూడా కండెన్సరు జోలికి పోవద్దని తమ్ముడు మరీ మరీ చెప్పాడు, దానిలో కరెంటు కాసేపు నిలవ ఉంటుందట. తెలిసిన మనిషి చేత రేకుల చిలుం జీరో నంబరు ఎమరీ కాగితంతో రుద్దించుకోవచ్చు. అది కొన్నాళ్ళ ముచ్చటే, స్విచ్చి మార్పించుకోవడమే మేలు. బాగు చేశాక మెకానిక్కు ముందే, ఖాళీ టబ్బు తిరుగుతుండగా మూత ఎత్తి చూడండి. కాసేపట్లో ఆగాలి. ఆగకపోతే డబ్బు ఇవ్వకండి.

ముందు తలుపున్న మెషీన్లది వేరే పద్ధతి. ఉతకడం అయ్యాక తాళం ఊడటానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. మా తోడికోడలు అది చెడిపోయిందనుకుని పిడి లాగి విరగ్గొట్టుకుంది.

మిక్సీ సంగతీ అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. గట్టి పిండి వేసినప్పుడు ఆగిపోతే, అడుగున ఉండే ఎర్ర బటన్ లోపలి మోటారు కాలిపోకుండా ఆపిందన్నమాట. స్విచ్చి ఆపి, పది నిమిషాలు చల్లారనిచ్చి, సగం పిండి తీసేసి, బటన్ నొక్కండి.

ఇంకొకటి. మెషీను ముట్టుకుంటే జివ్వుమంటే ఎర్తు సరిగా లేదని అర్థం. వేసవిలో మన నేల ఎండి బీటలు వారుతుంది కదా, ఎర్తు గుంతా ఎండిపోతుంది. వారానికోసారి ఒక బకెట్ నీళ్ళు పోయండి, బట్టలు జాడించిన నీళ్ళయినా సరే. అయినా జివ్వుమంటుంటే మెషీను వాడటం ఆపి ఎలక్ట్రీషియన్ను పిలవండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ యాంపుల ట్రిప్ స్విచ్చి ఉందో లేదో కూడా అప్పుడే అడగండి. మా ఇంట్లో లేదు, మా తమ్ముడు ఆ రోజే పెట్టి వెళ్ళాడు.

మా అమ్మాయి ఇప్పుడు చున్నీ నడుముకు బిగించుకుని గానీ ఆ వైపు వెళ్ళదు. వచ్చే వారం పచ్చడి తప్పదు, ఎండు మిరపకాయలు తొడిమలు తీసి ఉంచుకోండి.