ముందు టికెట్ ఇవ్వండి, తర్వాత జరిమానా అడగండి

సంపాదకులు గారికి,

గూడూరు–కావలి మధ్య నెలవారీ పాసు మీద తిరిగే నాలాంటి వాళ్లకు రైల్వేస్టేషన్ రెండో ఇల్లు. అందుకే ఆ స్టేషన్లు బాగుపడుతుంటే అందరికంటే ముందు సంతోషించేది మేమే. నెల్లూరు స్టేషన్ను సుమారు వంద కోట్ల రూపాయలతో కొత్తగా కట్టడానికి పూనుకున్నప్పుడు మా బోగీలో పండగ వాతావరణమే. 2025 మే 22న ప్రధాని దేశమంతటా 103 అమృత్ భారత్ స్టేషన్లను ఒకేసారి ప్రారంభించినప్పుడు ఆ జాబితాలో సూళ్లూరుపేట పేరు చూసి గర్వపడ్డాం. కాబట్టి ఈ ఉత్తరం పనులు వద్దని రాస్తున్నది కాదు. పనులు జరిగే నెలల్లో, ఒక్కోచోట ఏళ్లలో, టికెట్ కొనడమనే చిన్న పని సామాన్యుడికి ఎంత కష్టమవుతోందో, ఆ కష్టానికి పైగా జరిమానా ఎలా పడుతోందో చెప్పడానికి రాస్తున్నాను.

మా లైన్లో పని జరుగుతున్న ఒక స్టేషన్లో చూసింది చెబుతాను. అక్కడి సిబ్బంది మీద ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు, అందుకే స్టేషన్ పేరు రాయడం లేదు. పాత బుకింగ్ ఆఫీసు పడగొట్టారు. కౌంటరును పనుల కోసం కట్టిన కంచె వెనక, ఆ చివర రేకుల షెడ్డులోకి మార్చారు. మార్చిన సంగతి చెప్పేది ఒకే ఒక్క తెల్ల కాగితం. దాని మీద స్కెచ్ పెన్నుతో గీసిన బాణం. ఒక మూల టేపు ఊడిపోయి కాగితం గాలికి తిరగబడుతుంటే బాణం ఒకసారి కంచె వైపు, ఒకసారి ఆకాశం వైపు చూపిస్తోంది. ఖాళీ చేపల గంప చంకన పెట్టుకున్న ఒక పెద్దావిడ కంచె వెంబడి అటూ ఇటూ తిరిగి, కనబడిన వాళ్లనల్లా అడిగింది, "టికెట్ యాడిస్తారు నాయనా?" అని. ఒకరు అటన్నారు, ఇంకొకరు ఇటన్నారు. కొంగున కట్టిన ముడి విప్పి డబ్బులు చేతిలో పట్టుకునే ఉంది. అంతలో మెమూ రైలు వచ్చేసింది. అది పోతే మళ్లీ ఎప్పటికో. ఆమె ఎక్కేసింది.

దిగిన చోట ఆమెను ఆపారు. పది రూపాయల ప్రయాణానికి కనీస జరిమానా 250, ఛార్జీతో కలిపి 260 రూపాయలు. ఆ రోజు ఆమె మిగుల్చుకున్నది అంత ఉంటుందో ఉండదో. మేం నలుగురం కలగజేసుకుని, ఆ స్టేషన్ పరిస్థితి వివరించాక ఆ ఉద్యోగి పెద్దమనసుతో వదిలేశారు. ఆయనకు ఈ ఉత్తరంలోనే కృతజ్ఞతలు చెబుతున్నాను. కానీ ఆయన స్థానంలో ఇంకొకరు ఉంటే? మేం ఆ బోగీలో లేకపోతే?

ఇక్కడ చట్టం ఏమంటున్నదో చాలామందికి తెలియదు. 1989 నాటి రైల్వే చట్టం 138వ సెక్షన్ జరిమానా గురించి చెబుతుంది. టికెట్ లేనివాడి దగ్గర ఛార్జీతో పాటు అంతే మొత్తం, లేదా 250 రూపాయలు, ఏది ఎక్కువైతే అది వసూలు చేయవచ్చు. స్టేషన్ గోడల మీద, రైలు బోగీల్లో అందరికీ కనబడేది ఈ సెక్షనే. అదే చట్టంలో 50వ సెక్షన్ కూడా ఉంది. ప్రయాణం చేయదలచి ఛార్జీ చెల్లించే మనిషికి టికెట్ ఇవ్వాలని అది రైల్వేకు చెబుతుంది. టికెట్ కొనడం మన బాధ్యత అయితే, అమ్మడం వాళ్ల బాధ్యత. కౌంటరును కంచె వెనక దాచేసి, దారి చూపే బోర్డు కూడా పెట్టనప్పుడు ఆ రెండో బాధ్యత నెరవేరలేదు. నెరవేరనప్పుడు మొదటిదాని పేరుతో జరిమానా అడగడం న్యాయం కాదు.

దీనికి పరిష్కారం కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. అదే చట్టంలో 55వ సెక్షన్ ఉంది. టికెట్ తీసుకునే అవకాశం లేని ప్రయాణికుడు అధికారం ఉన్న రైల్వే ఉద్యోగి అనుమతితో రైలెక్కవచ్చు. తర్వాత ఛార్జీ చెల్లించాలన్న షరతు మీద ఆ ఉద్యోగి ఒక సర్టిఫికెట్ ఇస్తాడు. అది చేతిలో ఉంటే 138 కింద అదనపు ఛార్జీ వేయకూడదు. పాతతరం వాళ్లకు 'గార్డు సర్టిఫికెట్' అంటే తెలుసు. గార్డు పదవి పేరు 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అయింది, సర్టిఫికెట్ మాట మాత్రం జనం మరిచిపోయారు. మెమూ ఆగేది నిమిషం, రెండు నిమిషాలు. ఆ వ్యవధిలో గంప మోసుకుని చివరి బోగీ దాకా పరిగెత్తి సర్టిఫికెట్ అడిగి తెచ్చుకోవడం ఎవరివల్ల అవుతుంది? అందుకే నేను కోరేది ఇది. పనులు జరుగుతున్న స్టేషన్లో ప్లాట్‌ఫారం మీదే ఒక ఉద్యోగికి ఆ అధికారం ఇచ్చి, రైలు వచ్చే ముందు పావుగంట అక్కడ నిలబెట్టండి. చేతి మిషన్‌తో టికెట్టే కొట్టి ఇవ్వగలిగితే మరీ మంచిది.

టికెట్ కొనడానికి యాప్ ఉంది కదా అంటారు. ఉంది, నేనూ వాడతాను. యూటీఎస్ యాప్ ఎన్నో ఏళ్లు నడిచింది, 2025 జులైలో రైల్‌వన్ వచ్చింది. కాకపోతే స్టేషన్ ఆవరణలోకి వచ్చాక మామూలు పద్ధతిలో కాగితం లేని టికెట్ రాదు. రైలెక్కాక చెకింగ్ వాళ్లను చూసి అప్పటికప్పుడు కొనేవాళ్లను ఆపడానికి పెట్టిన నిబంధన అది, సబబైనదే. ఆవరణలో ఉన్నవాళ్లు గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. నేను చెప్పిన స్టేషన్లో పాత భవనం పడగొట్టినప్పుడు ఆ గోడతో పాటు ఆ కోడ్ కూడా పోయింది. కొత్త చోట అంటించాలని ఎవరికీ తోచలేదు. చేతిలో ఫోను, ఫోనులో డబ్బు, అయినా టికెట్ రాదు. స్మార్ట్‌ఫోను ఉన్న కుర్రాడికే ఇలా ఉంటే, కొంగున డబ్బు ముడేసుకున్న ఆ పెద్దావిడకు యాప్ గురించి చెప్పి ఏం లాభం?

సర్టిఫికెట్ మీద జరిమానా లేదనే ఈ సడలింపు ఇస్తే దొంగ ప్రయాణికులు దీన్నే సాకుగా వాడుకుంటారని రైల్వేవారు అనవచ్చు. ఆ భయం నిజమైనదే. టికెట్ లేకుండా తిరిగేవాళ్ల మీద నాకూ కోపమే, పాసు కొని నిలబడి వచ్చేవాణ్ణి కనుక. కానీ సర్టిఫికెట్ ఉచిత ప్రయాణం కాదు, ఛార్జీ కట్టితీరాలి. మాఫీ అయ్యేది జరిమానా ఒక్కటే. అదీ పనులు జరుగుతున్నాయని రైల్వే ప్రకటించిన స్టేషన్లకే, ఆ గడువు వరకే పరిమితం చేయవచ్చు. బ్రిటన్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, ఎక్కిన స్టేషన్లో టికెట్ ఇచ్చే ఏర్పాటు లేకపోతే ప్రయాణికుడి మీద పెనాల్టీ ఛార్జీ వేయకూడదు. అక్కడ రైళ్లు నడుస్తూనే ఉన్నాయి.

మన జిల్లాకు ఇది మరీ అవసరం, దానికి కారణం ఉంది. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. రోజూ తిరిగే మాకు కౌంటరు ఎటు జరిగినా రెండో రోజుకు తెలిసిపోతుంది. తిరుగు ప్రయాణానికి పిల్లల్ని చంకనేసుకుని, రాత్రిపూట, తెలియని స్టేషన్‌కు వచ్చిన కర్నూలు మనిషికి, బళ్లారి మనిషికి ఎలా తెలుస్తుంది? ఆసుపత్రి పని మీద చెన్నై వెళ్లేవాళ్లూ అంతే. వాళ్ల ధ్యాసంతా స్కానింగ్ రిపోర్టుల మీద ఉంటుంది. పైగా నెల్లూరు నుంచి చెన్నైకి 170 కిలోమీటర్లు దాటుతుంది. సీజన్ టికెట్ పరిమితి 150 కిలోమీటర్లే కనుక వాళ్లు పాసు తీసుకోవాలన్నా కుదరదు, ప్రతిసారీ కౌంటరు ముందు నిలబడాల్సిందే.

ఇంకో చిక్కు గూడూరు దగ్గర ఉంది. దానికి ఉత్తరాన మనం విజయవాడ డివిజన్, దక్షిణాన చెన్నై డివిజన్. నెల్లూరులో ఎక్కి నాయుడుపేటలోనో సూళ్లూరుపేటలోనో దిగే మనిషి ఒక డివిజన్లో టికెట్ దొరక్క ఎక్కి, ఇంకో డివిజన్ ఉద్యోగికి జవాబు చెప్పుకోవాలి. ఎక్కిన చోట కౌంటరు ఏ స్థితిలో ఉందో దిగిన చోటి ఉద్యోగికి తెలిసే వీలు లేదు. ఆయన్నీ తప్పుపట్టలేం. రెండు డివిజన్లూ పనులు జరిగే స్టేషన్ల జాబితాను ఒకరికొకరు పంపుకుని, చెకింగ్ సిబ్బంది చేతికి ఇస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది.

స్టేషన్ బయట ప్రైవేటు కౌంటర్లలో టికెట్లు అమ్మే జనసాధారణ్ టికెట్ బుకింగ్ సేవక్ పద్ధతి రైల్వేలో ఇప్పటికే ఉంది. పనులు నడిచినంత కాలం ఆటోస్టాండు పక్కనో, బస్సులు ఆగేచోటో అలాంటిది ఒకటి తెరిపించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. కాంట్రాక్టరుకు ఇచ్చే షరతుల్లోనే ఒక వాక్యం చేర్చండి: కొత్త కౌంటరు పనిచేస్తూ, దానికి దారి చూపే బోర్డు పెద్ద తెలుగు అక్షరాలతో, రాత్రి కనబడేలా లైటుతో పెట్టేదాకా పాత కౌంటరు గోడ మీద సుత్తి పడకూడదని.

విజయవాడ, చెన్నై డివిజనల్ మేనేజర్లు తమ పత్రిక చదువుతారన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను. వచ్చే రొట్టెల పండుగ లోపు బోర్డులు, క్యూఆర్ కోడ్‌లు, ప్లాట్‌ఫారం మీద సర్టిఫికెట్ ఇచ్చే ఒక ఉద్యోగి, ఈ మూడూ ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. తమరు స్థానిక విలేకరులను పంపి, పనులు జరుగుతున్న ప్రతి స్టేషన్లోనూ కౌంటరు ఎక్కడుందో ఫొటోతో సహా ప్రచురిస్తే ప్రయాణికులకు వెంటనే ఉపయోగపడుతుంది.

ఇట్లు,
ఒక నెలవారీ పాసు ప్రయాణికుడు,
వేదాయపాళెం, నెల్లూరు