ఒక్క అణువు కోసం

మా వారాసిగూడలో పక్కవాటా వారమ్మాయి భౌతిక రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తానంటోంది. తండ్రి ససేమిరా అంటున్నాడు.

"ఒక్క అణువును పట్టుకుని అయిదేళ్ళు కూర్చుంటుందటండీ! దరఖాస్తుకు గడువు ఎల్లుండే. మీరైనా చెప్పండి మాస్టారూ!"

నాది తెలుగు ఎమ్మే. నాకు తెలిసింది 'అణుమాత్రం' వరకే!

అమ్మాయే నాకు పాఠం చెప్పింది. "తరగతి సగటు మార్కులు చూస్తే తప్పిన కుర్రాడెవడో తెలుస్తుందా? ఇన్నాళ్ళూ కోట్లకోట్ల అణువుల సగటే చూశారండీ."

1952లో ష్రోడింగర్ అంతటివాడే, ఒక్క అణువుతో ప్రయోగమన్నది ఊహల్లో మాటేనన్నాడట. ఆ సంవత్సరమే, రామన్ దగ్గర పనిచేసిన మన సూరి భగవంతంగారు ఇక్కడి ఉస్మానియాకు వైస్ చాన్సలరయ్యారు. అణువులు కాంతిని ఎలా చెదరగొడతాయో లెక్కగట్టిన ఆయన 1989 ఫిబ్రవరిలో పోయారు. ఆ యేడే అమెరికాలో మోర్నర్, కాడర్ అనే ఇద్దరు, బాగా చల్లబరచిన స్ఫటికంలో ఒకే ఒక్క పెంటసీన్ అణువు కాంతిని పీల్చడం పట్టుకున్నారు. 2014లో మోర్నర్ మరి ఇద్దరితో నోబెల్ పంచుకున్నాడు.

"పాతికేళ్ళా! అందాకా ఇల్లెలా గడిచిందిట?" అన్నాడు తండ్రి.

"మొదట ఐ.బి.ఎమ్. కంపెనీ జీతమిచ్చింది నాన్నా. తరవాత యూనివర్సిటీలు."

"కంపెనీయా? ఆ ముక్క ముందే చెప్పవేం!"

ఆయన చొక్కా తొడుక్కున్నాడు. దరఖాస్తుకు ఫోటోలు కావాలిగా, తార్నాకలో స్టూడియో తొమ్మిదింటికి మూసేస్తారు.