చెప్పుకోలేని నొప్పి

నడుం నొప్పి అంటూ ఆసుపత్రికి వస్తారు. తోడు వచ్చినవాళ్ళు బైటికి వెళ్ళాక గాని అసలు మాట నోట రాదు: "కింద నొప్పి, మంట డాక్టరమ్మా!" విజయనగరంలో ఘోషా ఆసుపత్రి పేరు వినని ఇల్లు లేదు. ఘోషా అంటే పరదా. పరదాలు పోయాయి గాని ఈ ఒక్క బాధ విషయంలో ఘోషా ఇంకా పోలేదు.

యోనిలో నొప్పి ఒకే జబ్బు కాదు. అనేక జబ్బులకు గుర్తు. కారణాన్ని బట్టే వైద్యం.

విరిగిన పాలలా తెల్లబట్ట అవుతూ, విపరీతమైన దురద, మంట ఉంటే సాధారణంగా అది కాండిడా అనే బూజు జాతి క్రిమి పని. గర్భిణులకు, చక్కెర వ్యాధి ఉన్నవారికి, యాంటీబయాటిక్ మందులు వాడినవారికి ఎక్కువగా వస్తుంది. మాటిమాటికీ వస్తుంటే రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి. పసుపుపచ్చగా, నురుగుతో, దుర్వాసనతో అయితే ట్రైకోమోనాస్ కావచ్చు. దీనికి భార్య ఒక్కతే మందు వాడితే లాభం లేదు. భర్త కూడా వాడాలి.

కాన్పులో కుట్లు పడ్డచోట కొన్ని వారాలు నొప్పి ఉండవచ్చు. బిడ్డకు పాలిచ్చే రోజుల్లోనూ, ముట్లుడిగాకా ఈస్ట్రోజన్ తగ్గి, యోని లోపలిపొర పలచబడి, పొడిబారుతుంది. అందుకే కలయికలో మంట. దీనికి పూతమందులున్నాయి. కొత్తగా పెళ్ళయిన కొందరిలో భయంతో అక్కడి కండరాలు తమంతట తామే బిగుసుకుపోతాయి. ఇది మొండితనం కాదు, నటన అంతకన్నా కాదు. బలవంతం చేస్తే ఇంకా బిగుస్తాయి. భర్తలూ, అత్తగార్లూ ఇది గ్రహించాలి. ఓర్పుతో, కండరాలను వదులుచేసే వ్యాయామాలతో ఇది నయమవుతుంది.

"గర్భసంచి తీయించేస్తే పీడ వదులుతుంది" అని సలహా ఇచ్చేవారున్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 మంది; ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది! తెల్లబట్టకు, యోని మంటకు ఈ ఆపరేషన్ మందు కాదు. పైగా అండాశయాలు కూడా తీసేస్తే వయసు రాకుండానే ఈస్ట్రోజన్ పడిపోయి, పొడితనం, నొప్పి కొత్తగా మొదలవుతాయి. ఆపరేషన్ అనగానే ఒప్పుకోకండి. ఎందుకో అడగండి, మరో డాక్టరుకు చూపించుకోండి.

ఇంట్లో ఏం చేయవచ్చు? మామూలు నీళ్ళతో పైపైన కడుక్కుంటే చాలు. డెట్టాల్, సబ్బునీళ్ళు లోపలికి పోనివ్వకండి. నూలు లోదుస్తులు వాడి, ఎండలో ఆరేయండి. గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో పది నిమిషాలు కూర్చుంటే ఉపశమనం ఉంటుంది. మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు మింగడం మంచిది కాదు. ముఖ్యంగా మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతపు సోదరీమణులు జాగ్రత్త.

జ్వరంతో పొత్తికడుపు నొప్పి, పుండ్లు, బాధపెట్టే గడ్డ, కలయిక తర్వాత రక్తం, ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనిపించడం - వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకండి. నెల తప్పి, కడుపులో ఒకపక్క తీవ్రంగా నొప్పి వస్తే అదేరోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆడ డాక్టరు కావాలని, పరీక్ష గదిలో ఇతరులు ఉండకూడదని అడగడానికి మొహమాటపడకండి. నొప్పి ఎప్పటినుంచి, ఎప్పుడెప్పుడు వస్తున్నది, ముట్టు ఎప్పుడైంది - ఈ మూడూ చెప్పగలిగితే డాక్టరు పని సగం తేలికవుతుంది.